అంతఃకలహము – ఆయ్దక్కి లక్కమ్మ మాట

మనస్సున రెండు కోర్కెలు ఒక్కమాఱే తలయెత్తి, సమానబలముతో చెఱియొక ప్రక్కకు లాగినప్పుడు కలుగు వేదనకే అంతఃకలహమని పేరు. మంచికిని చెడ్డకును జరుగు పోరు ఇందు అంత కష్టమైనది కాదు. దొంగిలింపవచ్చునా, కూడదా యని తర్కించువానికి సమాధానము ముందే తెలిసియుండును; వాడు వెదకునది సమాధానము కాదు, సాకు. అసలైన చిక్కు రెండు మంచిపనుల నడుమ వచ్చును. వృద్ధురాలైన తల్లిని కనిపెట్టుకొని పల్లెలో నుండుటయు ధర్మమే. బిడ్డల చదువునకై పట్టణము చేరుటయు ధర్మమే. ఏది విడిచినను అది లోపల ములుకువలె గ్రుచ్చుకొనుచునే యుండును.

12వ శతాబ్దమున కల్యాణమందలి శివశరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను దంపతులుండిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. కన్నడమున ‘ఆయ్దు’ అనగా ఏరి, ‘అక్కి’ అనగా బియ్యము. చేయు పనియే పేరునకు ముందు నిలిచినది. ఆ గింజలను వండి లక్కమ్మ జంగమార్చన జరుపుచుండెడిది. ఆమె రచించిన వచనములు నేటికిని నిలిచియున్నవి.

ఒకనాడు మారయ్య శరణులగోష్ఠిలో కూర్చుండి, అనుభావప్రసంగమున మునిగి, పని మఱచెనట. కాయకము నిలిచిపోయినదని లక్కమ్మ వచ్చి హెచ్చరించెను. ఆయన సోమరియై కాలము గడపలేదు, జూదమాడలేదు. సత్సంగము మంచిది, కాయకము మంచిది. ఒక మంచి మఱియొక మంచిని మ్రింగినది, అంతే. ఇట్టి సమయముననే మనస్సు తన్ను తాను మిక్కిలి సులువుగా మోసగించుకొనును. ఏలయన దాని చేతనున్న సాకు సైతము పవిత్రమైనదే.

వేఱొకనాడు మారయ్య నిత్యము కంటె హెచ్చుగా బియ్యము తెచ్చెను. ఆ గింజలు అంతగా రాలుటకు బసవేశ్వరుడే కారణమని కథ. చూచినంతనే లక్కమ్మ, ఇది మనకు తగిన పాలు కాదు, మిగులును తెచ్చినచోటనే పోసి రండని భర్తను మరలించెను. మారయ్య పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ఆ గింజలు దొంగిలినవి కావు. వానితో మఱి నలుగురికి వడ్డింపవచ్చును. రేపు వానవచ్చి పని సాగకున్నను అర్చన ఆగదు. వీనిలో నొక్కటియు తప్పుమాట కాదు. అయినను లక్కమ్మ బియ్యము పాపమనలేదు. ఎంత కావలెనని చూచినది. లోపలి కలహములలో సగము కొలత చెడుటచేత పుట్టినవే. కోరికను చంపబూనినవాడు దానితో పగలెల్ల పోరి, రాత్రి దానికే లొంగును. కొలత పెట్టుకొన్నవానికి పోరవలసిన పనియే తక్కువ.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. దుఃఖము మఱచుటకు పనిలో తల దూర్చువారిని లోకమున చూచుచునే యున్నాము. కాయకము కూడ అట్లు తన్నుండి తాను పాఱిపోవుటకు ఒక మార్గము కాదా? కావచ్చును. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు లెక్కలలో మునిగి, ఇంట తమ్మునితో తెగని పంపకపు తగవు ఊసెత్తని వర్తకుని పనిని కాయకమనరాదు. శరణులు కాయకము ప్రక్కనే దాసోహము నుంచిరి. ఇష్టలింగమును అఱచేత నిలిపి, చూపు దానియందే నాటి, ఏకాంతమున కూర్చుండుటను నిత్యవిధి గావించిరి. చేతికి పని యున్నంతసేపు మనస్సు దాగవచ్చును. అఱచేతిలో లింగము దక్క మఱేమియు లేనప్పుడు దాగుటకు చోటుండదు. ఊసెత్తని తగవు అప్పుడు తానై పైకి వచ్చును. ఈ రెండవది లేక మొదటిది కుంటిది.

అయితే ప్రతి కలహమును లోలోపలనే సమాధానపఱుపవచ్చు ననుకొనుట పొరపాటు. బసవన్న బిజ్జలుని కొలువున భాండారమును నిర్వహించుచు, రాజసేవను శివభక్తిని చిరకాలము ఒక్కచేతితోనే మోసెను. బిజ్జలుడు అల్లయ్య, మధువయ్యల కన్నులు పెఱికించిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున చెప్పియున్నాడు. అటుపిమ్మట బసవన్న కల్యాణమును విడిచి, కృష్ణా మలప్రభలు కలియు కూడలిసంగమమునకు మరలిపోయెను. అప్పుడు కొలతతో తీరునది కాదు; మనస్సు చిక్కబట్టుకొని కొలువున నిలుచుట ఆ కన్నుల దెసకు వీపు త్రిప్పుటయే యగును. అటులని విడిచిపోవుట తేలికయైన పని కాదు. ఆయన వెనుక కల్యాణమున శరణులు ఇంకను మిగిలియే యుండిరి.