పిట్టగోడ ఎవరు కట్టవలెను?



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో క్రొత్త యిల్లు కట్టుకొనువారికి ఒక చిన్న ఆజ్ఞ యున్నది. మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టింపవలెను. పెట్టింపనందున ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ రక్తదోషము ఆ యింటిమీదనే నిలుచును. దీనికి ముందు పక్షిగూటిని గూర్చియు, తరువాత ద్రాక్షతోటను గూర్చియు ఆజ్ఞలున్నందున, నడుమనున్న ఈ మాటను మనము త్వరగా చదివి దాటిపోవుదుము. కాని కొంచెము నిలిచి చూడుడి. పడినవాడు జాగ్రత్తగా నడువవలసియుండెనని ఈ ఆజ్ఞ చెప్పుటలేదు. ఇల్లు కట్టినవానినే అడుగుచున్నది. ఎవడును పడకమునుపే కట్టుమనుచున్నది. ఆ యజమానుడు ఎవరిని త్రోయలేదు, ఎవరికిని కీడు తలపెట్టలేదు. చేయవలసిన పని చేయకపోవుటయే అతని దోషము.

ఈ దినములలో మన పిల్లలు పడెడి మిద్దె బండియే. జనగామలో హైదరాబాదు రహదారి ప్రక్కన ఒక ఉదయము నిలువబడి చూడుడి. తండ్రి మోటారు సైకిలు నడుపును, ట్యాంకుమీద ఒక బిడ్డ, నడుమ ఒక బిడ్డ, వెనుక తల్లి ఒడిలో పసిబిడ్డ. మహబూబాబాదు ప్రాంతములో మిర్చి ఏరెడి కాలము వచ్చెనా, ట్రాలీ ఆటోలలో కూలి తల్లులతోబాటు వారి పిల్లలును వ్రేలాడుచు పోవుదురు. భూపాలపల్లి త్రోవలో బొగ్గు లారీల ప్రక్కనుండియే ఈ బండ్లు పోవలెను. ఈ తల్లిదండ్రులకు బిడ్డలయందు ప్రేమ లేదని ఎవడు చెప్పగలడు? ప్రేమ కలదు. అయితే ప్రేమించుటయు కాపాడుటయు ఒక్కటేనా అన్నదే మన ప్రశ్న.

మనవారు అన్నిటికంటె గట్టిగా నమ్మునది తల్లి యొడి. కారులో బిడ్డకు వేరే సీటు ఎందుకు, తల్లి పట్టుకొనును గదా అందురు. లెక్క చూడుడి. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న కారు దేనికైన తగిలి, సెకనులో పదియవ వంతు కాలములో ఆగిపోయినదనుకొందము. కారు ఆగినను లోపలి బిడ్డ అదే వేగముతో ముందుకు పోవును. పది కిలోల బిడ్డను ఆ క్షణమందు ఆపుటకు క్వింటాలుకు మించిన బరువును నిలుపునంత బలము కావలెను. మార్కెట్టులోని హమాలీ సహితము అంత బరువును చేతులు చాచి పట్టజాలడు. తల్లికి బెల్టు లేనియెడల ఆమె శరీరపు బరువును ఆ బిడ్డమీదనే పడును. ఇందులో ప్రేమకు కొరత లేదు, చేతులకు చాలని పని అది.

ఈ పొరపాటు మన యొక్కరిదే కాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రములో రాబర్ట్ శాండర్స్ అను పిల్లల వైద్యుడు పట్టుబట్టినందున, కారులో చిన్నబిడ్డలను ప్రత్యేకమైన సీటులో కట్టి కూర్చుండబెట్టవలెనను చట్టము 1978లో అమలునకు వచ్చెను. ఆ దేశములో అటువంటి చట్టము అదే మొదటిది. అయినను శాసనసభవారు అందులో ఒక సందు విడిచిరి: పెద్దవారి చేతులలో నున్న బిడ్డకు సీటు అక్కరలేదనిరి. 1981లో ఆ మినహాయింపును తీసివేయవలసి వచ్చెను. 1985 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రములలోను ఇట్టి చట్టములు వచ్చినవి. మన పిల్లలు అనేకులు నేడు ఆ దేశములో కాపురముండి, బిడ్డను సీటులో బిగింపక కారు కదిలింపరు. వారే సెలవులకు ఊరికి వచ్చినప్పుడు అదే బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టి పంపుదురు. తెలంగాణ గాలికి బిడ్డ ఎముకలు గట్టిపడునా?

మన దేశములోను చట్టము లేకపోలేదు. మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించినప్పుడు 194బి అను సెక్షను చేర్చిరి. పదునాలుగేండ్లు నిండని బిడ్డకు బెల్టుగాని పిల్లల సీటుగాని పెట్టక బండి నడుపువానికి వెయ్యి రూపాయల జరిమానా. నాలుగేండ్లు దాటినవారికి మోటారు సైకిలుమీద హెల్మెట్టు ఉండవలెనని అదే చట్టము చెప్పుచున్నది. నాలుగేండ్లలోపు పిల్లలను గూర్చిన నియమమును 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, ఏడాది తరువాత అమలునకు తెచ్చిరి. బిడ్డను నడుపువానికి కలిపి కట్టెడి పట్టీ ఉండవలెను, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోవు హెల్మెట్టు పెట్టవలెను, బండి 40 కిలోమీటర్ల వేగము మించరాదు.

నా బిడ్డ విషయములో సర్కారుకు ఏమి పని యని కొందరు అడుగుదురు. బిడ్డ మన సొత్తయినచో ఆ మాట చెల్లును. 127వ కీర్తన ప్రకారము బిడ్డలు యెహోవా ఇచ్చిన స్వాస్థ్యము. అప్పగింపబడినదానికి లెక్క చెప్పవలసియుండును. మరియు పెద్దవాడు హెల్మెట్టు లేక పోయినయెడల అపాయమును తాను ఏరుకొనినవాడు. ట్యాంకుమీది బిడ్డ దేనిని ఏరుకొనలేదు.

ఇంకను బలమైన మాట ఒకటున్నది. నూకలు చెల్లినచో ఎవడు ఆపగలడని అన్యులందురు. దేవుడే కాపాడునని మనమందుము. పలుకు వేరైనను కొన్నిసార్లు అర్థమొక్కటే, చేయవలసినది చేయకుండుటకు సాకు. సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరమున నిలువబెట్టి, 91వ కీర్తనలోని దూతల వాగ్దానమునే ఎత్తి చూపి, దుముకుమనెను. వాగ్దానము నిజమే. అయినను ఆయన దుముకలేదు, దేవుని శోధింపరాదనెను. ఆయన అక్కడ తన ప్రాణమునుగూర్చి మాత్రమే నిర్ణయించుకొనవలసియుండెను. మనమైతే బిడ్డను ముందు కూర్చుండబెట్టుకొని దుముకుచున్నాము.

రెండవ సమూయేలు 4వ అధ్యాయములో అయిదేండ్ల బాలుడైన మెఫీబోషెతు కనబడును. సౌలును యోనాతానును చనిపోయిరని వార్త వచ్చినప్పుడు, దాది అతనిని ఎత్తుకొని పారిపోయెను. ఆమె తొందరపడి పరుగెత్తుచుండగా బిడ్డ పడి కుంటివాడాయెను. ఆమె కాపాడుటకే పరుగెత్తెను. గ్రంథము ఆమెమీద ఒక్క నిందయైనను మోపలేదు, మనమును మోపకూడదు. తరువాత దావీదు అతనికి తన బల్లయొద్ద చోటిచ్చెను గాని, ఆ కాళ్లు బాగుపడలేదు.

బిడ్డను పోగొట్టుకొనిన యింటికి వెళ్లి ఎవరి తప్పని విచారించువారు ఈ దాదిని జ్ఞాపకము చేసికొనవలెను. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట యొద్ద, కాపలా లేని రైలు గేటు దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయిరి. సిలోయము గోపురము కూలి చనిపోయిన పదునెనిమిదిమంది ఇతరులకంటె పాపులు కారని ప్రభువు చెప్పిన మాట ఆ యిండ్లకును చెల్లును. అయితే ఆ దుఃఖము గోపురములు కట్టువారిని విడిచిపెట్టదు. పెద్ద రైలు మార్గములమీద కాపలా లేని గేట్లు 2019 ఆరంభము నాటికి మన దేశములో లేకుండ పోయినవి. పిట్టగోడ కట్టవచ్చును, కాని కట్టుటకు ముందు ఎందరో పడిరి.

మరి పేదవాని సంగతి ఏమి? ఈ ఆజ్ఞ మిద్దె గలవానికి ఇయ్యబడినది, గుడిసెవానికి కాదు. ఒక్క మోటారు సైకిలు తప్ప వేరొకటి లేనివాడు రాత్రివేళ జ్వరముతో నున్న బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా అతనిని తప్పుపట్టువాడు ధర్మశాస్త్రమును ఎరుగడు. కాని లక్షలు పెట్టి కారు కొని, సీట్లకు కవర్లు కుట్టించి, పిల్లల సీటు మాత్రము దండుగ యనువాడు మిద్దె గలవాడే. కూలీలను, వారి పిల్లలను ట్రాలీలో కుక్కి చేనికి పిలిపించుకొనువాడును మిద్దె గలవాడే. పెండ్లికి డి.సి.ఎం. మాట్లాడి నూరుమందిని నిలువబెట్టి పంపువాడును అట్టివాడే. బస్సు వచ్చెడి ఊరివారు బస్సులో పోవుట మేలు. 2023 డిసెంబరు మొదలు తెలంగాణలో స్త్రీలకు ఆ ప్రయాణము ఉచితము గదా.

పదునైదేండ్ల కుమారునికి బండి తాళపుచెవి ఇచ్చి మురిసిపోవు తండ్రులకు వేరే సెక్షను ఉన్నది, 199ఎ. మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రిగాని బండి సొంతదారుడుగాని దోషి; మూడేండ్ల వరకు ఖైదు, ఇరువదియైదు వేల రూపాయల జరిమానా. తనకు తెలియదనిగాని, ఆపుటకు తగిన జాగ్రత్త తీసికొంటిననిగాని రుజువు చేసినవాడు తప్పించుకొనును. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచెడి యెద్దును గూర్చిన తీర్పు దీనికి దగ్గరగానే యున్నది: ఎద్దు సంగతి తెలిసియు కట్టివేయని యజమానుడే అక్కడ దోషి.

మన సంఘములలో పెండ్లి గిన్నెలు కొని, అడిగినవారికి ఇచ్చు అలవాటు కొన్ని చోట్ల కలదు. అట్లే రెండు మూడు చిన్న హెల్మెట్లును, బిడ్డను కట్టెడి పట్టీ ఒకటియు మందిరములో ఉంచిన, పట్టణమునకు పోవువారు అడిగి తీసికొనిపోవచ్చును. పెద్దవాని హెల్మెట్టును బిడ్డ తలమీద బోర్లించిన ప్రయోజనము లేదు, అది ప్రక్కకు జారును. నాలుగేండ్లలోపు బిడ్డకు ప్రమాణము గల సైకిలు హెల్మెట్టైనను నియమము ఒప్పుకొనుచున్నది. గడ్డము క్రింది పట్టీ బిగించినప్పుడు ఒకటి రెండు వ్రేళ్లకంటె ఎక్కువ సందు ఉండరాదు. కారు గలవారు పసిబిడ్డ సీటును వెనుక సీటులోనే, బిడ్డ ముఖము వెనుకకు ఉండునట్లు బిగింపవలెను. ముందు సీటులో అట్లు పెట్టినయెడల ఎయిర్ బ్యాగు తెరచుకొని బిడ్డ తలనే కొట్టును.