కానుకకు చుట్టిన కాగితం ఎవరి పాలు?

పండుగ అయిపోయిన మర్నాడు ఇంట్లో పోగుపడే రంగుకాగితాలను దాచుకోవాలా, పారెయ్యాలా? ఇది నైతిక ప్రశ్న ఎలా అయిందని కొందరు అడగవచ్చు. భూమి, కూలి, కులం, యుద్ధం వంటి సమస్యలు తేలకుండా ఉండగా కానుకల మీది కాగితాన్ని గురించి చర్చించటం తీరిక ఉన్నవాళ్ళ పని అనిపించటం సహజమే. కాని నీతి పెద్ద విషయాల్లో ఒకటి, చిన్న విషయాల్లో మరొకటి కాదు. పెద్ద విషయాల్లో మనం సిద్ధాంతాలు మాట్లాడతాం. చిన్న విషయాల్లో మన అలవాట్లు మాట్లాడతాయి. ఈ రెంటికీ మధ్య ఎంత ఎడం ఉన్నదో తెలుసుకోవాలంటే, ఇల్లు ఊడ్చిన తర్వాత గుమ్మం దగ్గర మిగిలిన పోగును పరీక్షించటం మంచి పద్ధతి.

ముందు ఈ కాగితం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. కానుకను కాగితంలో చుట్టి ఇచ్చే అలవాటు అమెరికా, యూరప్ దేశాల్లో క్రిస్మస్ పండుగతోపాటు పెరిగింది. మొదట్లో పలచని టిష్యూ కాగితమో, మామూలు గోధుమరంగు కాగితమో వాడేవారు. 1917 క్రిస్మస్ రోజుల్లో అమెరికాలోని కాన్సాస్ నగరంలో హాల్ సోదరుల దుకాణంలో టిష్యూ కాగితం అయిపోయింది. కవర్ల లోపలివైపు అతికించటానికి ఫ్రాన్సులో తయారయిన అలంకారపు కాగితం వారి దగ్గర ఉన్నది. దాన్ని షీటు పది సెంట్ల చొప్పున అమ్మకానికి పెడితే మొత్తం చెల్లిపోయింది. కొద్ది ఏళ్ళలోనే వారు అటువంటి కాగితాన్ని తామే అచ్చువేసి అమ్మసాగారు. తర్వాత హాల్‌మార్క్ పేరుతో ప్రసిద్ధికెక్కిన కంపెనీ అదే. 1930లో ఆ దేశంలోనే పారదర్శకమైన అంటుటేపు అంగళ్ళలోకి వచ్చింది. దారంతో కట్టిన పొట్లాన్ని ముడి విప్పి తీస్తాం. టేపు వేసి అతికించినదాన్ని చింపటమే సులువు. కాగితాన్ని పరపరా చింపటంలోని సంబరం మానవ స్వభావమని మనం అనుకుంటాం గాని, అందులో సగమైనా టేపు స్వభావం.

మన తెలుగు పట్టణాల్లో ఈ ఆచారం క్రిస్మస్‌తో ఆగలేదు. పుట్టినరోజులకూ, పెళ్ళిళ్ళకూ, గృహప్రవేశాలకూ పాకింది. ఊళ్ళో చిన్న ఫ్యాన్సీ షాపులో కూడా తళతళలాడే చుట్టలు వేలాడుతుంటాయి. కొన్న వస్తువును అక్కడికక్కడే చుట్టి ఇస్తారు.

ఈ చుట్టటం వల్ల జరిగే పని ఏమిటి? వస్తువును కాపాడటం కాదు. ఆ పనికి అట్టపెట్టె చాలు. దుకాణంలో ఉన్నంతసేపూ అది సరుకు. దానికి ధర ఉన్నది. ధరచీటీ చింపి, రంగుకాగితం చుట్టి, పేరు రాసి చేతికిస్తే అది కానుక అవుతుంది. అంటే అది మార్కెట్టునుంచి వచ్చిందన్న సంగతిని కాసేపు మరిపించటమే కాగితం చేసే పని. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్, మనుషుల మధ్య ఉండే సంబంధం సరుకుల ప్రపంచంలో వస్తువుల మధ్య సంబంధంగా కనబడుతుందని నిరూపించాడు. కానుక కాగితం ఆ తెరమీద వేసిన మరో తెర. సరుకు వెనక ఉన్న శ్రమ ఎలాగూ కనబడదు. కాగితం చుట్టిన తర్వాత సరుకు కూడా కనబడదు. కనబడేది ఇచ్చినవాడి ప్రేమ ఒక్కటే!

అలాగని కాగితం లేని కానుకే నిష్కపటమైనదని చెప్పటానికి వీల్లేదు. ఇవ్వటం, పుచ్చుకోవటం, తిరిగి ఇవ్వటం అనే మూడూ మనుషులమీద సంఘం మోపే బాధ్యతలని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వాదించాడు. దానికి నిదర్శనాలు వెతుక్కుంటూ మనం దూరదేశాలకు పోనవసరం లేదు. మన పెళ్ళిళ్ళలో చదివింపులున్నాయి. ఎవరు ఎంత ఇచ్చారో పైకి చదివి, పుస్తకంలో రాసి, ఆ ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి చదివించటం ఆచారం. అక్కడ దాపరికం లేని మాట నిజమే. కాని లేనివాడు చదివించిన కొద్దిపాటి డబ్బు నలుగురి చెవినా పడి అతన్ని చిన్నబుచ్చటం కూడా అంతే నిజం. ఆ చిన్నతనాన్ని కప్పటానికి కాగితం కొంత ఉపకారం చేసింది. పైగా లోపల ఏమున్నదో తెలియక పిల్లవాడు పొందే ఆత్రుత, తెరిచినప్పుడు వాడి మొహంలోని వెలుగు, వీటిని వ్యాపారపు మోసం కింద కొట్టిపారెయ్యటం అభ్యుదయం కాదు. ఎండిపోయిన వైరాగ్యం అవుతుంది. సంతోషానికి మనం విరోధులం కాము. ఆ సంతోషం ఖరీదును ఎవరు చెల్లిస్తున్నారన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మామూలుగా మూడు జవాబులు వినబడతాయి.

మొదటిది పొదుపు. కాగితాన్ని చిరగకుండా విప్పి, మడతలు సాపుచేసి, మళ్ళీ వాడుకోవాలి. మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. క్యాలెండరు కాగితాలతో బడిపుస్తకాలకు అట్టలు వెయ్యటం, పాత పత్రికలను అలమార అరల్లో పరచటం అందరూ ఎరిగినవే. ఇది మంచి అలవాటే. అయితే ఇది పుట్టింది లేమిలోనుంచి. రెండో ప్రపంచయుద్ధం మధ్య, 1940ల తొలి ఏళ్ళలో, బ్రిటన్‌లో కాగితం కరువై దుకాణదారులు చాలా వస్తువులకు కాగితం చుట్టి ఇవ్వటాన్ని ప్రభుత్వం నిషేధించింది. అప్పుడు వాడిన కాగితాన్ని దాచుకోవటం దేశభక్తి అయింది. యుద్ధం పోయి కాగితం మళ్ళీ దొరికేసరికి ఆ దేశభక్తి కూడా పలచబడింది. అవసరంలోనుంచి మాత్రమే పుట్టిన నీతి అవసరంతోనే పోతుంది.

అంతేకాదు. కాగితాన్ని దాచటం బీదవాడి ఇంట్లో విధి, కలవాడి ఇంట్లో అభిరుచి. బీదవాడు దాస్తే పీనాసి అంటారు, కలవాడు దాస్తే సంస్కారం అంటారు. రెండిళ్ళలోనూ ఆ టేపు ఊడదీసి, ముడతలు సవరించి, పరుపుకింద పెట్టే పని సాధారణంగా ఆడవాళ్ళది. కానుక మీద ఉండే పేరు ఇంటి యజమానిది. పొదుపును పొగిడేవారు ఆ పొదుపుకు ఖర్చయ్యే శ్రమ ఎవరిదో కూడా లెక్కలో రాయాలి. మళ్ళీ వాడటం అన్నిచోట్లా మేలే అనుకోవటం కూడా పొరపాటు. బజ్జీలూ, పునుగులూ పాత పత్రికల్లో పొట్లం కట్టి అమ్మటం మనం చూస్తూనే ఉన్నాం. అచ్చుసిరాలోని హానికర పదార్థాలు తిండిలోకి చేరతాయని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించింది. చదివి పారేసింది ఒక వర్గమైతే, ఆ సిరా తినేది మరొక వర్గం. ఇది పొదుపు కాదు. ఒకరి చెత్తను మరొకరికి పళ్ళెంగా పెట్టటం.

రెండో జవాబు యంత్రం మీద భరోసా. ‘చెత్తబండిలో వేస్తే చాలు, కాగితం మళ్ళీ కాగితం అవుతుంది’ అంటారు. అన్ని కాగితాలూ అవవు. అసలు మనం కాగితమని పిలిచేవాటిలో చాలా భాగం కాగితమే కాదు. తళతళలాడే ఆ చుట్ట ప్లాస్టిక్ పొరమీద అల్యూమినియం పూత. దీన్ని గుర్తించటానికి బ్రిటన్‌లో క్రిస్మస్ తర్వాత జనానికి ఒక సులువైన పరీక్ష చెబుతారు. పిడికిట్లో నలిపి వదిలితే ఉండగా ఉండిపోయేది కాగితం, తిరిగి విచ్చుకునేది ప్లాస్టిక్ పొర. నిజమైన కాగితమైనా దానిమీద టేపూ, మెరుపుపొడీ ఉంటే గుజ్జు చేసేటప్పుడు అడ్డు తగులుతాయి. పైగా కాగితపు పీచు గుజ్జయిన ప్రతిసారీ పొట్టిదవుతుంది. ఐదారు, మహా అయితే ఏడుసార్ల తర్వాత అది పనికిరాదు. కనుక మళ్ళీ తయారుచెయ్యటం అనేది అంతులేని వరం కాదు. ఇక మెరుపు చుట్టలకు ఆ వరం కూడా లేదు. అవి చెత్తదిబ్బ మీదికన్నా పోవాలి, మంటలోకన్నా పోవాలి. కొత్త సంవత్సరపు కానుకల కాగితాలను రెండువారాల్లో వచ్చే భోగిమంటలో వేసి చేతులు దులుపుకునేవారున్నారు. పాతకట్టె కాలితే వచ్చే పొగ వేరు, ప్లాస్టిక్ పొర కాలితే వచ్చే విషపు పొగ వేరు. ఆ పొగ వీధిలో పిల్లలందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

ఇక్కడే ‘పారెయ్యటం’ అన్న మాటను పరీక్షించాలి. మన గడపకు దూరమైన చోటు ఇంకొకరి గడపకు దగ్గర. మన చేయి వదిలిన వస్తువును మరొక చేయి పట్టుకుంటుంది. మన ఊళ్ళలో ఆ చేయి చిత్తుకాగితాలు ఏరేవాళ్ళది. వాళ్ళకు డబ్బు వచ్చేది తూకాన్నిబట్టి. అట్టపెట్టెకు తూకం ఉంది, కొనేవాడున్నాడు. మెరుపు చుట్ట బస్తా నిండా ఉన్నా తూగదు, తూగినా పాతసామాన్ల కొట్టువాడు తీసుకోడు. కాని దాన్ని పక్కకు ఏరిపెట్టే శ్రమ మాత్రం తప్పదు. అంటే ఆ తళుకు కానుకను అందుకునే చివరి మనిషి అది తెరిచేవాడు కాదు. కూలి లేకుండా దాన్ని తొలగించే మనిషి. ఈ దేశంలో ఆ మనిషి ఎవరో చెప్పటానికి పరిశోధన అక్కరలేదు. ఊడ్చటం, ఏరటం, ఎత్తటం ఇక్కడ కేవలం వృత్తులు కావు. కులం అప్పగించిన పనులు. అందులోనూ ఎక్కువ భారం దళిత స్త్రీలది.

ఆ స్త్రీలు దయకోసం కాచుకుని కూర్చోలేదు. పుణే నగరంలో చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు 1993లో ‘కాగద్ కాచ్ పత్రా కష్టకారీ పంచాయత్’ అనే సంఘం పెట్టుకున్నారు. కాగితం, గాజు, రేకు ఏరుకునే కష్టజీవుల పంచాయతీ అని ఆ పేరుకు అర్థం. చెత్త ఏరటం శ్రమే, ఏరేవాళ్ళు శ్రామికులే అని వాళ్ళు నగరం చేత ఒప్పించారు. తర్వాత ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘంగా ఏర్పడి ఇంటింటి చెత్త సేకరించటానికి 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. 2016 నాటి కేంద్ర ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్ళను పేరుపెట్టి గుర్తించి, వాళ్ళను వ్యవస్థలో చేర్చుకోవాలన్నాయి. ఆ గుర్తింపు వెనక ఉన్నది అడిగి సాధించుకున్న సంఘాల బలం.

మూడో జవాబు మనవాళ్ళు చెప్పేది. కాబట్టి దాన్ని మరింత జాగ్రత్తగా పరిశీలించాలి. ‘తప్పు ఉత్పత్తి చేసేవాడిది, వాడేవాడిది కాదు. వ్యవస్థ మారకుండా ఒక ఇంట్లో కాగితం మడతపెడితే ఏమవుతుంది?’ అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. మెరుపు పొరను తయారుచేసేవాడు లాభం తీసుకుంటాడు, దాన్ని తొలగించే ఖర్చును సంఘానికి వదిలేస్తాడు. దీన్ని చట్టంతో అరికట్టటం సాధ్యమే. మిఠాయి పెట్టెలకూ, శుభలేఖలకూ, సిగరెట్టు పెట్టెలకూ చుట్టే ప్లాస్టిక్ పొరను మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. ఆ పట్టికలో కానుకలకు చుట్టే పొర పేరు లేదు. మిఠాయి పెట్టె మీద ఉంటే నేరమైనది బొమ్మ మీద ఉంటే అలంకారం ఎలా అవుతుందని అడగటం మన బాధ్యత. ఈ కోరిక సంఘాలు చెయ్యాలి, ఒక్కొక్కరుగా కాదు.

అయితే ఈ జవాబును చాటుగా వాడుకోవటం కూడా జరుగుతున్నది. వ్యవస్థను నిందిస్తూ ఉపన్యసించి, ఇంటికి వచ్చి మెరుపు చుట్టను తడిచెత్తలో కలిపి బయటపెట్టే మేధావికి తన పనిమనిషితో, వీధి ఊడ్చే కార్మికురాలితో ఉన్న సంబంధం కూడా వ్యవస్థలో భాగమే కదా! వ్యవస్థ ఎక్కడో ఫ్యాక్టరీలో మాత్రమే లేదు. తడిచెత్తలోంచి ఆ పొరను వేళ్ళతో వేరుచేసేవాళ్ళకూ మనకూ మధ్య కూడా ఉన్నది. వ్యక్తి సత్ప్రవర్తన వల్ల విప్లవం రాదు, నిజమే. కాని విప్లవం పేరు చెప్పి ఎదుటి శ్రామికురాలికి పని పెంచటానికి మనకు హక్కు రాదు.

మరి ఏం చెయ్యాలి? కాగితం మానేసి గుడ్డకు మారితే సరిపోతుందని కొందరంటారు. జపానులో కానుకను చతురస్రపు గుడ్డలో మూటగట్టి ఇచ్చే ‘ఫురోషికి’ ఆచారం ఉంది. 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రి యురికో కొయికె దాన్ని మళ్ళీ వాడుకలోకి తెమ్మని ప్రచారం చేసింది. కొరియాలో ముక్కగుడ్డలు అతికి కుట్టిన మూటగుడ్డలున్నాయి. మనకూ తాంబూలంతోపాటు రవికగుడ్డ పెట్టే ఆచారం ఉన్నది. ఇవి మెచ్చుకోదగ్గవే. కాని పాతది కాబట్టి మంచిదన్న భ్రమ వద్దు. రవికగుడ్డ అందుకునే పేరంటం విధవను గుమ్మం బయటే ఆపింది. ఆ గుడ్డలు కూడా చాలా ఇళ్ళలో కుట్టించుకునే నాణ్యత లేక, ఒక తాంబూలంలో వచ్చింది మరొక తాంబూలంలోకి పోతూ తిరుగుతూనే ఉంటాయి. ఎవరి ఒంటికీ చేరని గుడ్డకూ, ఎవరికీ పనికిరాని కాగితానికీ పెద్ద తేడా లేదు.

కాబట్టి కాగితమా గుడ్డా అన్నది కాదు ముఖ్యం. ఒక వస్తువును ఇచ్చేటప్పుడు, దాని తర్వాతి చేయి ఎవరిదో మనం చెప్పగలగాలి. చుట్టిన కాగితం పిల్లవాడి నోటుపుస్తకానికి అట్ట అవుతుందంటే తర్వాతి చేయి మనకు తెలుసు. పొడికాగితంగా విడిగా అందితే ఏరే మనిషికి తూకం వస్తుందంటే అదీ తెలుసు. తర్వాతి చేతికి పని తప్ప ఫలం లేదని తెలిసిన మెరుపు చుట్టను కొనకుండా ఉండటం త్యాగం కాదు, కనీస మర్యాద. దాన్ని తయారుచెయ్యకుండా ఆపమని కోరటం రాజకీయం. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. మొదటిది లేనివాడు రెండోది అడిగితే ఆ మాటకు బరువుండదు. రెండోది లేని మొదటిది ఇంటి ముచ్చటగా మిగిలిపోతుంది.

కానుక ఇవ్వటంలో ఉన్న మానవత్వం, ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్యే ముగిసిపోతే అది సగం మానవత్వమే. ఆ ఇద్దరి సంబరం ముగిసిన తర్వాత గదిలోకి వచ్చి, నేలమీద పడివున్నదాన్ని వంగి ఎత్తే మూడో మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే అది పూర్తవుతుంది. రంగుకాగితాన్ని దాచాలా పారెయ్యాలా అని అడిగినంతకాలం మనం వస్తువును గురించే ఆలోచిస్తున్నాం. అది ఎవరి పాలవుతున్నదని అడిగినప్పుడు మనిషిని గురించి ఆలోచించటం మొదలుపెడతాం.