సమానంగా చూడటం అంటే ఏమిటి?

విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవారి నోట తరచు ఒక మాట వినబడుతుంది: "నాకు విద్యార్థులందరూ ఒకటే. ఒకడికి ఎక్కువా, ఒకడికి తక్కువా చెయ్యను." కులాన్నిబట్టీ సిఫార్సునుబట్టీ మార్కులు పడే చోట ఈ మాట అన్నవాణ్ణి మెచ్చుకోవలసిందే. కాని చూపులేని విద్యార్థి ఒకడు వచ్చి, "మీరు బోర్డుమీద రాసేదాన్ని కాస్త పైకి చదవండి" అని అడిగినప్పుడు కూడా ఇదే మాట జవాబుగా వస్తున్నది. అక్కడ దీని అర్థం పూర్తిగా మారిపోతుంది.

"ఇది ఇక్కణ్ణుంచి ఇక్కడికి వస్తుంది, దీన్ని దానితో గుణిస్తే అది వస్తుంది" అంటూ బోర్డుమీద లెక్క చేసే లెక్చరరు, తాను ఎవరికీ ప్రత్యేకంగా ఏమీ చెయ్యటంలేదనే అనుకుంటాడు. నిజానికి చేస్తున్నాడు. చూపున్నవాడికి పాఠం చెబుతున్నాడు, లేనివాడికి సర్వనామాలు మాత్రం యిస్తున్నాడు. అసలు తరగతి గదిలో ఆ దీపాలెందుకు? ఆ నల్లబల్ల ఎందుకు? చూపులేనివాడికి వాటితో నిమిత్తం లేదు. చూపున్నవాళ్ళకు సదుపాయంగా వుండాలని సంస్థ డబ్బు ఖర్చుపెట్టి వాటిని అమర్చింది. అది సదుపాయమని ఎవరికీ తోచదు, ఎందుకంటే అడగకుండానే వచ్చింది. అడిగి తెచ్చుకోవలసినవాడికి యిచ్చేదాన్నే మనం "ప్రత్యేకం" అంటున్నాం.

చట్టం ఈ సంగతి గ్రహించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించమన్నది. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటుంది: సమంజసమైన వెసులుబాటును నిరాకరించటం కూడా వివక్షేనని ఆ చట్టం నిర్వచించింది. అంటే "నేనేమీ చెయ్యలేదు" అన్నది ఇకపైన నిర్దోషి మాట కాదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. సివిల్ సర్వీసు పరీక్ష రాయదలచిన ఒక అభ్యర్థికి పెన్ను పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. అతని వైకల్యం 40 శాతం లెక్కకు అందలేదని స్క్రైబును ఇవ్వలేదు. వైకల్యం శాతం ఆ గీత దాటనంతమాత్రాన స్క్రైబును నిరాకరించరాదని కోర్టు తేల్చింది.

సీటు ఇచ్చాక పాఠం ఇవ్వకపోతే ఆ సీటుకు అర్థమేమిటి? రిజర్వేషను గుమ్మందాకా తీసుకువస్తుంది. లోపల కూర్చున్నవాడికి పాఠం అందిందా లేదా అన్నది ఏ జీవోలోనూ తేలదు, పాఠం చెప్పేవాడి చేతిలోనే తేలుతుంది.

పరీక్ష సంగతి చూడండి. మూడుగంటల పరీక్షకు మరో గంట అదనంగా ఇస్తే, "అది మిగతావాళ్ళకు అన్యాయం కాదా?" అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తోసిపారెయ్యకూడదు, నిదానంగా విప్పిచూడాలి. చరిత్ర పేపరు కొలవవలసింది చరిత్ర జ్ఞానాన్ని. కాని అది దానితోపాటు చేతివేగాన్నీ కంటిచూపునూ కూడా కొలుస్తున్నది, ఎవరూ కొలవమనకుండానే. అదనపు గంట మార్కులను కలపదు. కొలవనక్కరలేని వాటిని లెక్కలోనుంచి తీసేస్తుంది, అంతే. ఇంతకన్న పెద్ద అన్యాయం మరోచోట జరుగుతున్నది. స్క్రైబుగా వచ్చిన ఇంటర్ కుర్రవాడికి "ఆర్థిక ద్రవ్యోల్బణం" అన్న మాట రాయటం రాకపోతే, ఒక్కొక్క అక్షరమూ చెప్పి రాయించవలసిన బాధ పరీక్ష రాసేవాడిది. ఆ నిమిషాలను ఎవరూ లెక్కపెట్టరు.

ఇక నోట్సులు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని నాకు అన్నిటికన్న పెద్దదిగా తోస్తుంది. చూపులేని విద్యార్థులు ఈనాడు స్క్రీన్ రీడరుతో చదువుకుంటున్నారు. తెరమీది అక్షరాలను అది పైకి చదువుతుంది. ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడరును చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులే 2006లో మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. యంత్రం సిద్ధంగా వుంది. దానికి మనం ఏం పెడుతున్నాం? ఇరవయ్యేళ్ళనాటి జిరాక్సు కాగితాన్ని ఫోటోతీసి పంపుతున్నాం. అది అక్షరాల బొమ్మేగాని అక్షరాలు కావు. యంత్రానికి అందులో చదవటానికేమీ లేదు. తెలుగులో మరో చిక్కుంది. అను వంటి పాత ఫాంట్లలో టైపుచేసిన పాఠం కంటికి తెలుగే, లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. స్క్రీన్ రీడరు దాన్ని గజిబిజి ఇంగ్లీషుగా చదివి వూరుకుంటుంది. యూనికోడ్‌లో టైపుచేస్తే ఈ బాధ వుండదు. మన తెలుగు పత్రికలూ ప్రచురణలూ ఏళ్ళ తరబడి ఆ పాత ఫాంట్లలోనే అచ్చయినాయి. ప్రజలకోసం సాహిత్యం అన్నవాళ్ళ పుస్తకాలూ అందులోనే వున్నాయి.

దీనికి లెక్చరర్లు చెప్పే జవాబులో నిజం లేకపోలేదు. తరగతిలో 80 మంది. చెప్పేవాడు కాంట్రాక్టు మనిషి. వచ్చే ఏడు వుద్యోగం వుంటుందో లేదో తెలియదు. అటువంటివాడిమీద మొత్తం భారం వేసి, విశ్వవిద్యాలయం తన చేతులు కడుక్కోవటం మోసం. పుస్తకాలను స్కాన్ చేయించటం, స్క్రైబులను వెతకటం, సైగల భాష తెలిసినవాళ్ళను నియమించటం సంస్థ పని. కాని బోర్డుమీది సమీకరణాన్ని పైకి చదవటానికి ఏ బడ్జెట్టూ అక్కరలేదు. విద్యార్థులవైపు తిరిగి మాట్లాడితే పెదవులు చూసి గ్రహించేవాడికి అందుతుంది. దానికి ఏ ఆర్డరూ రావలసిన పనిలేదు.

అలా చేస్తే వెనక బెంచీవాడికీ, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పాఠం అందుకోలేనివాడికీ కూడా మేలు అని కొందరు నచ్చజెబుతారు. నిజమే. అయినా ఈ వాదం నాకు పూర్తిగా నచ్చదు. పదిమందికి లాభం గనుక ఒకడి హక్కు నిలబడుతుందంటే, లాభం లేనిచోట ఆ హక్కు పడిపోతుందన్నమాటే. 2015 చివరినుంచి "దివ్యాంగులు" అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ర్యాంపు కట్టటానికి సిమెంటు కావాలి. దివ్యత్వం ఇవ్వటానికి ఖర్చేమీ లేదు.

నిజమైన చిక్కు ఎక్కడ వస్తుందంటే, వెసులుబాటు అడిగేదీ పరీక్ష కొలవదలచినదీ ఒకటే అయినచోట. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో టైట్రేషన్ చేసేటప్పుడు ఫినాఫ్తలీన్ గులాబీరంగుకు తిరిగే చుక్కను కనిపెట్టాలి. చూపులేని విద్యార్థి దాన్ని ఎలా చేస్తాడు? "చెయ్యలేడు గనుక ఈ కోర్సు వద్దు" అనటం సులభం. కాని ఆ ప్రయోగం నేర్పదలచింది రంగు చూడటమా, తటస్థీకరణ బిందువును కనుక్కోవటమా? రెండోదే అయితే, వెలుతురు మారినప్పుడు స్వరం మార్చి పలికే సాధనాలున్నాయి, పీహెచ్ అంకెను పైకి చెప్పే మీటర్లున్నాయి. మొదటిదే అయితే, ఎందుకు మొదటిదో ఆ శాఖవాళ్ళు కారణం చూపాలి. ఆ చర్చ సిలబసు తయారుచేసే కమిటీలో జరగాలి. ఇప్పుడది ప్రాక్టికల్ పరీక్షనాటి ఉదయం, బ్యూరెట్ ముందు నిలబడిన కుర్రవాడితో జరుగుతున్నది.