అటకమీది డ్రమ్ము

ధ్యానము కొరకు: దానియేలు గ్రంథము 1వ అధ్యాయము



ఈ సంచికలో మన యౌవనస్థులను గూర్చియు, వారి తలిదండ్రులను గూర్చియు కొన్ని మాటలు చెప్పవలెనని ప్రభువు మాకు భారము కలుగజేసెను. వాక్యములోనికి వెళ్లుటకు ముందు మా కన్నుల యెదుట జరిగిన ఒక సంగతి వినుడి.

కోలారు బంగారు గనుల ప్రాంతములోని మా తెలుగు సంఘములో యౌవనస్థుల డ్రమ్ము బృందము ఉన్నది. రెండు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద బేస్ డ్రమ్ము, ఒక జత తాళములు, అంతే. క్రిస్మసు రాత్రులలో ఇంటింటికి పాడుచు వెళ్లునప్పుడును, మట్టల ఆదివారపు ఊరేగింపులోను ఆ పిల్లలే ముందు నడుతురు. వారిలో సైడ్ డ్రమ్ము వాయించు కుఱ్ఱవాడొకడు పి.యు.సి. రెండవ సంవత్సరమునకు వచ్చెను. ఒక సాయంత్రము అభ్యాసము జరుగుచుండగా అతని తండ్రి వచ్చి, అందరి యెదుట ఆ డ్రమ్మును కొడుకు భుజమునుండి తీసికొని పోయెను. ఇంటికి తీసికొనిపోయి అటకమీద పెట్టి, "సీటు వచ్చిన తరువాత దింపుతాను" అని చెప్పెను. పిల్లవాడు ఒక్క మాటయు ఎదురాడలేదు. అయితే మరుసటి ఆదివారమునుండి మందిరములో కనబడలేదు. ఆదివారము ఉదయమున కోచింగ్ సెంటరులో పరీక్షలని తెలిసెను. తల్లి మాత్రము ఒంటరిగా వచ్చి వెనుక వరుసలో కూర్చుండి పోవుచుండెను.

మూడు నెలలు గడిచిన పిమ్మట మేము ఆ యింటికి వెళ్లితిమి. కొంచెము కోపముతోనే వెళ్లితిమని ఒప్పుకొనుచున్నాము. ఆ తండ్రి మాటలు విన్న తరువాత ఆ కోపము నిలువలేదు. ఆయన ఇట్లనెను: "అయ్యగారూ, మా ముత్తాత ఊళ్లో డప్పు కొట్టాడు. ఎవరి గుమ్మం ముందు, ఎందుకు కొట్టాడో మీకు తెలుసు. మా తాత ఆ ఊరు వదిలి ఇక్కడికొచ్చి గనిలో దిగాడు. మా నాయన కూడా దిగాడు. గని మూసేశారు. నేను తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటి పడ్డాక వస్తున్నాను. వీడి చేతిలో మళ్లీ ఆ పుల్లలు చూస్తే నాకు భయమేస్తుంది."

ప్రియులారా, ఈ భయమును తేలికగా త్రోసివేయకుడి. 2001లో గనులు మూతపడిన నాటినుండి ఆ పట్టణములో ఎన్ని యిండ్లలో వేకువ రైలుకు అన్నము కట్టుచున్నారో మనకు తెలియును. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగువారిలో అనేకులకు పొలము లేదు, సిఫారసు చేయువారు లేరు. పిల్లల చదువే మనకు మిగిలిన ఆస్తి. ఆ ఆస్తిని కాపాడుకొనవలెనను ఆతురత పాపము కాదు.

ఇప్పుడు వాక్యము వైపు చూతము. దానియేలును అతని ముగ్గురు స్నేహితులును స్వదేశమునుండి కొనిపోబడిన యౌవనస్థులు. పరాయి దేశము, పరాయి భాష, మార్చబడిన పేర్లు. వారు మూడు సంవత్సరములు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనవలెను. ఆ గడువు తీరినప్పుడు రాజు ఎదుట నిలువవలెను. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో, పాఠ్యపుస్తకములలో ఇంగ్లీషు, చివరకు ఒక పెద్ద పరీక్ష. మన పిల్లల బ్రతుకునకును దానియేలు బ్రతుకునకును ఎంత దగ్గర పోలిక!

మూడు సంగతులు గమనింపుడి. మొదటిది, దానియేలు చదువును విడిచిపెట్టలేదు. బబులోను విద్య నాకక్కరలేదని అతడు చెప్పలేదు. శ్రద్ధగా చదివెను, రాజు పరీక్షించినప్పుడు అతడును అతని స్నేహితులును అందరికంటె పదిరెట్లు శ్రేష్ఠులుగా కనబడిరి. కాబట్టి యౌవనస్థులారా, మందిరపు పని పేరు చెప్పి చదువును తప్పించుకొనువాడు దానియేలు శిష్యుడు కాడు.

రెండవది, దానియేలు తన మనస్సులో ఒక గీత గీసికొనెను. చదువు, భాష, క్రొత్త పేరు, ఇవన్నియు అంగీకరించెను గాని, దేవునికి చెందిన దానిని మాత్రము ఇయ్యలేదు.

మూడవది, మనము ఎక్కువగా గమనింపని సంగతి. వారిమీద ఉంచబడిన అధికారి భయపడెను. ఈ పిల్లలు చిక్కిపోయినట్లు కనబడిన యెడల రాజు తన తల తీయించునని అతని భయము. దానియేలు అతని భయమును చూచి నవ్వలేదు, అతనిని అవిశ్వాసియని నిందింపలేదు. అతడు భయపడిన తరువాత, పై విచారణకర్తయొద్దకు వెళ్లి వినయముగా, పది దినములు పరీక్షించి చూడుమని వేడుకొనెను. ఆ తరువాత చూచినదానిని బట్టి చేయుమనెను. భయపడువారికి వాదము పనికిరాదు, చూచుటకు ఒక అవకాశము కావలెను. ఆ అవకాశమును దానియేలు ఇచ్చెను.

మేము ఆ తండ్రితో చెప్పినది ఇదే. "పది దినములు కాదు, పది వారములు చూడండి. వారానికి రెండు రోజులు, గంటకు మించకుండా అభ్యాసము. మార్కులు తగ్గితే మీరే వచ్చి ఆపండి, మేము అడ్డము చెప్పము." ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. రెండు వారముల తరువాత ఆ పిల్లవాడు తానే డ్రమ్ము మోసికొని వచ్చెను. అటకమీది దుమ్ము ఇంకను దానిమీద నుండెను.

ఈ డ్రమ్ము విషయమై మన చరిత్రను కూడ తలంచుకొనుట మంచిది. క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురముండి సేవ చేయనారంభించిన తరువాత ప్రభువు నొద్దకు వచ్చిన మన పితరులు కొన్నిటిని విడిచిరి. చచ్చిన పశువు మాంసమును విడిచిరి. జాతరలలో విగ్రహముల యెదుట డప్పు కొట్టుటను విడిచిరి. ఆదివారపు పనిని విడిచిరి. అందుకై వారికి పని లేకుండ చేసిరి, బావులయొద్దకు రానీయలేదు, కొట్టిరి. అయినను 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన తాతలు డప్పును అసహ్యించుకొని విడువలేదు. దానిని ఎవరి యెదుట, ఎవరి ఆజ్ఞచొప్పున వాయింపవలసి వచ్చెనో దానిని విడిచిరి. మిర్యాము సముద్రము దాటిన తరువాత తంబుర చేత పట్టుకొనెను. దానిని వాయించుమని ఆమెను నిర్బంధించిన ఫరో అప్పటికి లేడు. స్వతంత్రుని చేతిలో అదే వాద్యము స్తుతియగును. ఈ మాట ఆ తండ్రికిని చెప్పితిమి. ఆయన చాలసేపు మౌనముగా నుండెను.

దానియేలు గ్రంథము 3వ అధ్యాయములో ఇంకొక వాద్యబృందము కనబడును. దూరా మైదానములో బంగారు ప్రతిమ నిలువబెట్టి, బాకాలు, వీణలు మ్రోగగానే జనులందరు సాగిలపడవలెనని రాజాజ్ఞ. ఈ దినములలో ఆ ప్రతిమ ఏది? నీట్, జె.ఇ.ఇ. అను పేర్లు వినబడగానే మన యిండ్లలో ఏమేమి సాగిలపడుచున్నవో పరీక్షించుకొందము. ఆదివారము సాగిలపడినది. కుటుంబ ప్రార్థన సాగిలపడినది. పిల్లవాని నిద్ర సాగిలపడినది. ఆదివారము కొరకు దెబ్బలు తిన్నవారి మనుమలము, ఒక మాదిరి పరీక్ష కొరకు దానిని అప్పగించుచున్నాము, ఎవరును కొట్టకయే!

ఇది మాటలతో పోవు సంగతి కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమున 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. అందరికి కారణము పరీక్షలే కాకపోవచ్చును. అయినను ఆ సంఖ్య చదివిన తరువాత ఏ తండ్రియు "సీటు రాకపోతే ఇంటికి రావద్దు" అని వేళాకోళమునకైనను అనకూడదు. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వము కోచింగ్ కేంద్రములకు మార్గదర్శకములు ఇచ్చి, 16 ఏండ్లలోపు పిల్లలను చేర్చుకొనకూడదనియు, వారమునకొక దినము సెలవియ్యవలెననియు చెప్పెను. విశ్రాంతి దినము అవసరమని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చెనా? ఆ మాట మనము వారికి చెప్పవలసినది గదా!

ఇక మా తప్పిదము కూడ ఒప్పుకొందుము. ప్రతి జూన్ నెలలో మంచి ర్యాంకు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి, శాలువా కప్పి, ఫోటో తీయించితిమి. ఉత్తీర్ణుడు కానివాడు ఆ ఆదివారము ఎక్కడ కూర్చుండెనో మేము చూడలేదు. ఏడేండ్లు వానలో, చలిలో డ్రమ్ము మోసిన పిల్లవానికి బల్లమీదనుండి ఒక్కసారియైనను కృతజ్ఞత చెప్పలేదు. ప్రతిమను నిలువబెట్టుటలో మా చేయి కూడ ఉన్నది. ప్రభువు మమ్మును క్షమించును గాక.

ఇంకొక సంగతి. మన పిల్లలలో అనేకులు తెలుగు మాట్లాడుదురు గాని చదువలేరు. కీర్తనల పుస్తకము తెరచినప్పుడు వారు తలవంచుకొందురు. అట్టివాడు కూడ డ్రమ్ము వాయింపగలడు. వాయించుచు వాయించుచు పాట వినును, వినుచు వినుచు నేర్చుకొనును. ఆ తలుపు రెండేండ్లు మూసిన యెడల, సీటు వచ్చిన తరువాత అతడు హాస్టలుకు పోవును. మన మందిరమునకును మన భాషకును తిరిగి వచ్చుట అరుదు. మేము అట్లు పోగొట్టుకొన్న పిల్లలు కొందరున్నారు.

కాబట్టి మా సంఘములో కొన్ని ఏర్పాట్లు చేసికొంటిమి. పబ్లిక్ పరీక్షల నెలలో అభ్యాసము ఉండదు. అయితే ఎవని పేరును బృందమునుండి కొట్టివేయము. సాయంకాలము మందిరపు హాలు తెరచి, దీపములు, ఫ్యాన్లు వేసి, చదువుకొను చోటుగా ఇచ్చుచున్నాము. డిగ్రీ చదువు పిల్లలు చిన్నవారికి లెక్కలు చెప్పుచున్నారు. ఆదివారపు పరీక్ష వేళ మార్చుమని అడుగుటకు తలిదండ్రులతో కూడ మేమును కోచింగ్ సెంటరుకు వెళ్లుచున్నాము. ఒకచోట ఒప్పుకొనిరి, ఒకచోట ఒప్పుకొనలేదు. ఒప్పుకొనని చోట ఆ పిల్లల కొరకు సాయంత్రము చిన్న ఆరాధన జరుపుచున్నాము.

తలిదండ్రులారా, డప్పు చర్మమును సెగకు కాచినప్పుడే అది బిగిసి పలుకునని మన పెద్దలకు తెలియును. కాచువాడు దానిని మాటిమాటికి వ్రేలితో తట్టి వినుచుండును. వినుట మానినవాడు చర్మమును చీల్చుకొనును. మీ పిల్లలకు సెగ చూపుడి, తప్పక చూపుడి. అయితే ఈ రాత్రి వాని ప్రక్కన కూర్చుండి, మార్కులు అడుగకుండ, ఒకసారి తట్టి వినుడి. వాని స్వరము మారినదా? నిద్ర లేదా? బ్రతుకు విసిగినట్లు మాటలాడుచున్నాడా? అట్లయిన ఒంటరిగా విడువకుడి. కాపరితో చెప్పుడి, వైద్యునికి చూపుడి. ప్రభుత్వపు టెలి మానస్ వారు 14416 నంబరులో ఉచితముగా సహాయము చేయుదురు.

యౌవనస్థులారా, మీ తండ్రి భయము వెనుక ఎన్ని తరముల కష్టమున్నదో అడిగి తెలిసికొనుడి. డ్రమ్ము కొరకు తలుపు విసరివేయకుడి. దానియేలు వలె గడువు అడుగుడి, ఇచ్చిన మాట నిలుపుకొనుడి.

ఆ కుఱ్ఱవాడు ఏమాయెనని మీరడుగుదురు. అతనికి వైద్య విద్యలో సీటు రాలేదు. ఫలితములు వచ్చిన రాత్రి తండ్రి చాలసేపు వరండాలో కూర్చుండి, తరువాత లోపలికి వెళ్లి కొడుకు ప్రక్కన పండుకొనెనని తల్లి మాతో చెప్పెను. ఇప్పుడతడు బి.ఎస్సీ. నర్సింగ్ చదువుచున్నాడు. గడచిన మట్టల ఆదివారమున సెలవు తీసికొని వచ్చి ఊరేగింపు ముందు వాయించెను. వీధి మలుపులో బేస్ డ్రమ్ము మోయు చిన్నవాడు అలసిపోగా, దాని పట్టీని ఒకరు తమ భుజమునకు వేసికొనిరి. అతని తండ్రియే.

మన పిల్లలు దేవుడిచ్చిన స్వాస్థ్యము, మన ఋణము తీర్చు నాణెములు కారు. వారు చదువునందును స్తుతియందును ఎదుగునట్లు, మన యిండ్లలో ఏ ప్రతిమకును వారిని అర్పింపకుండునట్లు, ప్రభువు మనకు జ్ఞానమును ఓర్పును అనుగ్రహించును గాక. ఆమేన్.