రెండు వరుసలు చాలు

ఒక ఎరువుల కొట్టులో అప్పుల లెక్క చూసే పెద్దాయన పుస్తకం మొదటి పేజీలో మూడే కట్టుబాట్లు రాసుకున్నాడు. ఖాతా నంబరుకు ఒకే రైతు, రైతుకు ఒకే ఊరు, ఊరికి ఒకే వసూలు మనిషి.

పనిలో చేరిన మేనల్లుడు అడిగాడు: "ఖాతా నంబరు చెబితే వసూలుకి ఎవరెళ్లాలో తెలిసిపోతుంది కదా, అది రాయలేదేం మామయ్యా?"

"రాయక్కర్లేదురా. నంబరు రైతును చెబుతుంది, రైతు ఊరిని, ఊరు మనిషిని. ఆ మూడూ నిలిస్తే ఇదీ నిలుస్తుంది."

కుర్రాడు పుస్తకమంతా తిరగేశాడు. ప్రతి వసూలు మనిషీ ఒక్క ఊరికే వెళ్తున్నాడు. "అయితే చిట్టాలో మనిషి పేరు రాస్తే చాలు, ఊరెందుకు?"

పెద్దాయన చిత్తు కాగితం మీద రెండు వరుసలు రాశాడు. రెండింటిలోనూ వసూలు మనిషి ఒకడే. నంబర్లు, రైతులు, ఊళ్లు మాత్రం వేరు. "నా మూడింటిలో ఏది తప్పిందో చెప్పు."

"ఏదీ తప్పలేదు. కానీ ఇలాంటి వరుసలు మన పుస్తకంలో లేవుగా!"

వాడు చిట్టాలో ఊరు రాయడం మానేశాడు. వేసవిలో ఒక వసూలు మనిషి పని మానేస్తే, అతని ఊరిని కూడా యజమాని పక్క ఊరికెళ్లే మనిషికే అప్పగించాడు. ఊరివారీ బాకీ తీయాలంటే ఇక చిట్టా పనికిరాలేదు. పాత రసీదులన్నీ ముందేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

నీతి: ఇవాళ్టి పుస్తకంలో కనిపించిందల్లా కట్టుబాటు కాదు, ఒప్పుకున్న కట్టుబాట్ల నుంచి తప్పనిసరిగా వచ్చేదే కట్టుబాటు.

రిలేషనల్ డేటాబేసుల్లో ఇలాంటి కట్టుబాట్లను ఫంక్షనల్ డిపెండెన్సీలంటారు. ఉన్న డేటాను చూసి నియమం కట్టేయడం దగ్గర డిజైనర్లు జారిపడే ప్రమాదం ఉంది. ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రచురించాడు. 1974లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ డిపెండెన్సీలకు సూత్రాలిచ్చాడు. వాటిని మూడుగా చెబుతారు: కొన్ని కాలమ్‌లు తెలిస్తే వాటిలో ఏ భాగమైనా తెలిసినట్టే, రెండు వైపులా ఒకే కాలమ్ చేర్చినా సంబంధం చెడదు, పెద్దాయన చేసినట్టు వరసగా కలుపుకుపోవచ్చు. వీటితో తప్పుడు ఫలితం రాదు, రావాల్సిన ఫలితమేదీ మిగిలిపోదు.

మిగిలిపోదని చూపే రుజువు నాకెంతో ఇష్టం, ఎందుకంటే అది ఆ చిత్తు కాగితమే. ఏ కాలమ్‌తో మొదలుపెడితే ఎంతవరకు చేరగలమో చూడాలి. అక్కడిదాకా కలిసి, మిగతా కాలమ్‌లన్నింటిలో విడిపోయే రెండు వరుసలు రాయాలి. అవి ఏ నియమాన్నీ మీరవు. వసూలు మనిషితో మొదలుపెడితే చేరేది అతని దగ్గరికే. ఊరిదాకా దారే లేదు.