బిడ్డ చేతిలోని ఫోను – తల్లిదండ్రుల ఆచారము



వీరశైవుని గృహమున పుట్టిన శిశువునకు తొలి దినములలోనే లింగధారణ జరుగును. ఊహ వచ్చిన పిదప ఆ బిడ్డయే ఎడమ అరచేతిని పీఠముగ జేసి, ఇష్టలింగమును అందుంచి, చూపును దానిపై నిలుపుట నేర్చును. నేడు గోదావరి సీమలోని ఇండ్లయందు ఆ అరచేతిలోనికే మరియొక వస్తువు వచ్చి చేరినది. 2020వ సంవత్సరమున కరోనా వలన బడులు మూతపడినపుడు పాఠములు ఫోనులోనికి వచ్చినవి. బడులు తెరచిన పిదపను ఫోను బిడ్డ చేతిని విడువలేదు.

దానిని దూషించుట సులభము. కాని కోనసీమలోను, పశ్చిమగోదావరి గ్రామములలోను ఎందరో తల్లులు కువైట్ మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనులకై పోయి, బిడ్డలను అమ్మమ్మల యొద్దను నాయనమ్మల యొద్దను విడిచియున్నారు. అట్టి బిడ్డకు తల్లి ముఖము కనిపించునది ఫోనులోనే. అచ్చట ఫోనును లాగికొనుట యనగా తల్లిని లాగికొనుటయే. ఫోనును మాయాపిశాచమని ఈసడించు ఉపన్యాసకులు ఈ సంగతిని మరచుచుందురు. మరియొక వంక, ఆ అమ్మమ్మకు ఫోను ఎత్తుటయే మనుమడు నేర్పవలసియుండును. అతడందు ఏమి చూచుచున్నాడో, ఎవరితో మాటలాడుచున్నాడో ఆమె యెట్లు కనిపెట్టగలదు?

కీడు వచ్చు తీరు ఇట్లుండును. అపరిచితుడొకడు తానును తొమ్మిదవ తరగతి వాడనని చెప్పి ఆటలో పరిచయము చేసికొనును. కొన్నాళ్లు మంచిమాటలాడి ఫోటో యడుగును. అది చేతబడిన పిదప, మీ నాన్నకు పంపుదునని బెదిరించి మరికొన్ని ఫోటోలనో, సొమ్మునో కోరును. తండ్రియెడ బిడ్డకున్న భయమే ఆ దుర్మార్గుని ఆయుధము. ఇంట కోపము ఎంత ఎక్కువయో వానికి పని అంత సులువగును.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన గొడగూచి కథ ఇచ్చట స్మరింపదగినది. శివునకు పాలు ఆరగింపు చేయు తండ్రి ఊరికి పోవుచు ఆ పనిని చిన్నకూతురునకు అప్పగించెను. స్వామి త్రాగకపోగా, తండ్రి కోపించునని పసిది విలపించెను. శివుడు కరుణించి త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి పాలేమైనవని యడుగగా ఆమె ఉన్నది ఉన్నట్లు చెప్పెను. అతడు నమ్మలేదు. దండింపబూనగా ఆమె శివుని శరణుజొచ్చి లింగమునందు లీనమయ్యెను.

ఈ కథను ముగ్ధభక్తికి నిదర్శనముగ చెప్పుట వాడుక. తండ్రివైపునుండి చదివిన వారు అరుదు. అతడును భక్తుడే, ఆరగింపు తప్పరాదను నియమము గలవాడే. బిడ్డ మాట వినుటకు మాత్రము ఓపిక చాలకపోయెను. బిడ్డకు శివైక్యము దక్కెను, అతనికి బిడ్డ దక్కలేదు. నేడు బిడ్డ వణకుచు వచ్చి చెప్పు సంగతియు మొదట నమ్మశక్యముగ నుండదు.

అట్లని కనిపెట్టకుండుట ప్రేమ కాదు. అష్టావరణములందు ఆవరణమను మాటకు చుట్టునుండి కాచునది యని యర్థము. పసివారి ఫోను నడింట నుండవలెను. రాత్రి పెద్దల గదికి చేరవలెను. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ అను సాధనముతో వాడుకకు వేళలు నిర్ణయింపవచ్చును, పెద్దల యనుమతి లేక క్రొత్త యాప్ దిగకుండ చేయవచ్చును. కువైట్‌లోనున్న తల్లియు అచ్చటనుండియే దీనిని నడపగలదు. అమ్మమ్మకు ఆ భారము తప్పును. అయితే ఈ కాపును బిడ్డకు చెప్పియే పెట్టవలెను. పదహారేండ్ల కుమార్తె సందేశములను చాటుగా చదువు తండ్రి, ఆమె తనకు ఏదియు చెప్పని దినమును తానే తెచ్చుకొనుచున్నాడు.

ఇన్‌స్టాగ్రామ్ నియమము ప్రకారము పదమూడేండ్లు నిండనివారికి ఖాతా లేదు. పుట్టిన సంవత్సరమును మార్చి బిడ్డకు ఖాతా తెరచి యిచ్చు పెద్దలును కలరు. కల్లలాడరాదని బసవేశ్వరుని పేర బోధించిన చేతులతోనే చేసిన అసత్యమది.

ఆపద వచ్చియే యున్నచో బిడ్డను కొట్టరాదు. సందేశములను చెరపరాదు, అవియే సాక్ష్యములు. సొమ్ము పంపరాదు, పంపినకొలది కోరిక పెరుగును. బాలల సహాయమునకు 1098, సైబరు మోసములకు 1930 సంఖ్యలు కలవు. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు వారందరికిని వర్తించును. బిడ్డ పేరును పత్రికలు బయటపెట్టరాదని ఆ చట్టమే శాసించుచున్నది. పరువునకు జంకి ఊరకుండు కుటుంబములు దీనిని తెలిసికొనవలెను. చట్టము కాచిన ఆ పేరును బంధువర్గమును కాపాడవలెను. మఠమునకు వచ్చి తల్లి చెప్పుకొన్న కష్టము, ఆమె గడప దాటకముందే వీధిలో వినబడిన చోట గణాచారమను మాటకు అర్థమేమి?

నియమము పెద్దలనుండియే మొదలు కావలెను. ఇష్టలింగపూజ నడుమ మ్రోగిన ఫోనును చూచు తండ్రిని బిడ్డయు చూచుచుండును. పూజకు, భోజనమునకు ఇంటనున్న ఫోనులన్నియు ఒక్క గూటిలో చేరుట మేలు. కువైట్ గడియారము ఇచ్చటికంటె రెండున్నర గంటలు వెనుక. ఆ తల్లి పని ముగియునప్పటికి ఇచ్చట బిడ్డ నిద్రవేళ దాటుచుండును. ఆమె పిలుపునకు మాత్రము గూటినుండి ఒక ఫోను తీసి బిడ్డ చేతికీయవలెను.