అద్దెయింటి నిక్షేపము

సికింద్రాబాదు కంటోన్మెంటునందు ఓల్డ్ గ్రాంట్ బంగళాలనబడు పాత భవనములు నేటికిని కలవు; వానియందు కట్టడము మాత్రమే అనుభవదారునిది, నేల సర్కారుది. తరతరములుగా మసలిన ముంగిలి సైతము తనది కాని గృహస్థుడు, వెనుకభాగమును అద్దెకిచ్చునపుడు శాశ్వతాధికారముతో పలుకుట యెట్లు పొసగును? జగమంతయు ఈశ్వరునిచే ఆవరింపబడినదని ఈశావాస్యోపనిషత్తు ఆరంభముననే చెప్పినది గదా. మఱి అద్దెకున్నవాడెవడు, యజమాని యెవడు?

ఈ ప్రశ్న వేదాంతగోష్ఠియందుకంటె ఇల్లు ఖాళీచేయు దినమున తీక్ష్ణముగా ఎదురగును. ఉద్యోగార్థమై విదేశమునుండియో పరరాష్ట్రమునుండియో వచ్చి మారేడుపల్లిలో కాపురమున్నవాడు, భాష రాక, బంధుబలము లేక, పదకొండు నెలల కరారుపై సంతకము చేసి అడ్వాన్సు చెల్లించును. వెడలునాడు రంగులకని ఒక నెల అద్దె కోతపడును, సబ్‌మీటరులోని యూనిట్లను యజమాని తనకు తోచిన ధరచే గుణించి కరెంటు పేర మరికొంత మినహాయించును. గోడకు కొట్టిన మేకుల రంధ్రములు వేరు, కాలముచే వెలసిన సున్నము వేరు. సహజమైన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే అంగీకరించినది.

మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములలో ఋణము వెనువెంటనే నిక్షేపమును పేర్కొని, నమ్మి యుంచిన ధనమును తిరిగి యీయనివానిని, ఉంచకయే అడిగినవానిని సమముగా చోరునివలె దండింపుమన్నది. అద్దెయింటి అడ్వాన్సును అట్టి నిక్షేపమే; కావున దానిని అట్టిపెట్టుకొను యజమానికివలెనే బిల్లు ఎగవేసి పోవు అద్దెదారునకును ఇందు మినహాయింపు లేదు. యజమానులారా, మీటరు రీడింగు చూపి, రసీదులిచ్చి, తాళపుచెవి అందుకొన్ననాడే మిగిలిన సొమ్ము లెక్కించి యిండు.